గాలిలో కొలిచిన చక్రం

కారు చక్రాలను సూటిగా సరిచేసే ఎలైన్‌మెంట్ పనిలో కొత్తగా చేరుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నలభై ఏళ్లకు పైగా కార్ల కింద పడుకున్నవాణ్ని కాబట్టి పద్ధతిగా కూర్చుని చెప్పడం నాకు అంతగా రాదు. ఏ సంవత్సరం ఎంత జీతం పెరిగింది, ఎప్పుడు పెద్ద మేస్త్రీనయ్యాను అనే కథలు మా ఇంట్లోవాళ్లే వినరు, మీరెందుకు వింటారు? నాకు తెలిసిన ఒక్క సంగతి మాత్రం చెబుతాను. అది నేను తప్పు చేసి నేర్చుకున్నది.

మొన్న మా మేనల్లుడి చిన్న కారు ఎడమకు గుంజుతోందంటే మాదాపూర్‌లో ఒక దుకాణానికి తీసుకుపోయాం. అక్కడి మేస్త్రీ కారును మిషన్ మీదికి ఎక్కించాడు, చక్రాలకు కొలత అద్దాలు తగిలించాడు, స్టీరింగును చక్రాలకు కలిపే రెండు రాడ్లను కింద అటూ ఇటూ తిప్పాడు. అన్నీ ఆకుపచ్చగా ఉన్న కాగితం ఒకటి చేతిలో పెట్టాడు. మూడు వారాలు తిరక్కుండానే కారు మళ్లీ ఎడమకు పోసాగింది. మళ్లీ పోయాం, మళ్లీ కాగితం ఇచ్చాడు. మూడోసారి నేనే లుంగీ ఎగ్గట్టి చక్రం పక్కన కూర్చున్నాను. కుడి స్ట్రట్ చమురు కారి దుమ్ము పట్టి ఉంది. ఏదో గుంతలో దబ్బున పడ్డప్పుడు దాని కడ్డీ కూడా వంగింది. ఆ మేస్త్రీ రెండుసార్లూ దాని పక్కనే చెయ్యి పెట్టి రాడ్ తిప్పాడు.

స్ట్రట్ అంటే ఏమిటో తెలియనివాళ్లకు ఒక్క ముక్క. స్ప్రింగునూ, దాని ఊపును ఆపే షాకబ్జరునూ ఒకే గొట్టంగా కలిపి, పైన బాడీకీ కింద చక్రానికీ బిగిస్తే అదే స్ట్రట్. ముందు చక్రం నిలబడేది దాని మీద, స్టీరింగ్ తిప్పితే మళ్లేది దానితో. అది వంగితే చక్రం ఒక పక్కకు వాలుతుంది. చమురు కారిపోతే చక్రం ఎగిరెగిరి పడి టైరు అక్కడక్కడా గుంటలు గుంటలుగా అరుగుతుంది. పైన బేరింగ్ పట్టేస్తే మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు. వీటిలో ఏ ఒక్కటీ రాడ్ తిప్పితే పోయేది కాదు. రాడ్ తిప్పడమంటే కుంటే మనిషి చెప్పులు సర్దడమే. కాలు అట్లాగే ఉంటుంది.

ఇంత పెద్దమాట అనే హక్కు నాకు ఎట్లా వచ్చిందని మీరు అడగవచ్చు. అదే ఇప్పుడు చెప్పబోయేది.

మూసాపేట షెడ్డు

నేను పనిలో చేరిన రోజుల్లో స్ట్రట్ లేదు. పంతొమ్మిది వందల నలభైల చివర మాట. బొంబాయి రోడ్డు మీద మూసాపేట దగ్గర బాలయ్య ఉస్తాద్ రేకుల షెడ్డులో నేను రెండో మేస్త్రీని. నాకు ఇరవై నాలుగేళ్లు. అప్పటి కార్లకు స్ప్రింగు పట్టీలు వేరు, షాకబ్జర్లు వేరు. చక్రం అటూ ఇటూ మళ్లడానికి నిలువుగా ఒక ఉక్కు మేకు ఉండేది, దాన్ని కింగ్‌పిన్ అనేవాళ్లం. ఇవాళ స్ట్రట్ ఒక్కటే చేసే పనిని అప్పుడు అవన్నీ పంచుకునేవి.

బాలయ్య ఉస్తాద్‌ది కమ్మరి ఇల్లు. ఆయన తాత, తండ్రి ఎడ్లబండి చక్రాలకు ఇనుప పట్టాలు ఎక్కించినవాళ్లు. బండి చక్రం సరిగా ఉందో లేదో చూడాలంటే కమ్మరి దాన్ని నేల మీద చూడడు. ఇరుసును ఎత్తి కట్టి, చక్రాన్ని గాలిలో తిప్పి, ఒక పుల్ల ఆనించి చూస్తాడు. పుల్లకు అంతటా ఒక్కతీరుగా తగిలితే చక్రం మంచిది. ఉస్తాద్ ఆ పద్ధతినే కార్ల దగ్గరికి తెచ్చాడు. కారు ముందు భాగాన్ని జాకీల మీద లేపేవాడు. చక్రం తిప్పుతూ టైరు మధ్యలో సుద్దతో గీత గీసేవాడు. రెండు చక్రాల గీతల మధ్య దూరాన్ని ముందు వైపు ఒకసారి, వెనక వైపు ఒకసారి పొడుగాటి గజం కట్టెతో కొలిచేవాడు. ముందు వైపు నూలు పోగంత తక్కువ రావాలి. వస్తే బండి సూటిగా పోతుంది.

గీత గీయడం వరకు అది ఎవరైనా చేసేదే. కానీ గీత గీశాక జాకీలు దింపి, బండిని నేల మీద నాలుగడుగులు తోసి, అప్పుడు కొలవాలి. ఉస్తాద్ దింపేవాడు కాదు. మా షెడ్డు నేల పరుపుబండ, పుట్టుకతో పరుచుకున్న రాయి. ఒక మూల ఎత్తు, ఒక మూల పల్లం. ఎందుకు దింపడం లేదని నేను ఒకసారి అడిగాను.

"నేల వంకర ఉంటది సత్తయ్యా, జాకీ వంకర ఉండదు" అన్నాడు ఉస్తాద్. "చక్రం గాలిల ఉన్నప్పుడే నిజం చెప్తది. మా తాత చెప్పిన మాట."

నాకు బాగా నచ్చింది ఆ మాట. పదిమందికి నేనే చెప్పేవాణ్ని.

ఆయన మంచి పనివాడు, అది దాచి చెప్పడం అన్యాయం. ఇంజను చప్పుడు విని ఏ సిలిండర్ దగ్గుతోందో చెప్పేవాడు. ఆయనకున్న లోపమల్లా ఒక్కటే. కొలత అయిపోయి బానెట్ మీద సుద్దతో అడ్డగీత గీశాడంటే, ఆ బండిని షెడ్డులో మరెవరూ ముట్టుకోకూడదు. మళ్లీ కొలిస్తే ఉస్తాద్ మీద నమ్మకం లేనట్టు. మాలో ఎవరికీ ఆ ధైర్యం ఉండేది కాదు.

బండిదా, మనిషిదా

పట్నంలో ఒక వకీలు సాబ్ ఉండేవాడు. ఆయనకు బాచుపల్లి దగ్గర మామిడితోట. నిజాం కాలంలో కోర్టు కచేరీలకు శుక్రవారమే సెలవు కాబట్టి శుక్రవారం శుక్రవారం తల్లినీ, ఇంట్లోవాళ్లనూ ఎక్కించుకుని మా షెడ్డు ముందు నుంచే తోటకు పోయేవాడు. ఆయన డ్రైవర్ మల్లేశం. నలభై ఎనిమిదేళ్లుంటాయి, పదిహేనేళ్లుగా అదే ఇంట్లో పని. రాయదుర్గం మనిషి. మేమంతా కాకా అని పిలిచేవాళ్లం.

ఆ ఎండాకాలంలో మల్లేశం కాక రెండుసార్లు షెడ్డుకు వచ్చి మొత్తుకున్నాడు.

"బండి ఎడమకు గుంజుతంది బాలయ్యా. కుడికి పట్టి పట్టి నా రెక్కలు పడిపోతున్నయ్. జర మంచిగ చూడు."

ఉస్తాద్ రెండుసార్లూ జాకీ ఎక్కించి కొలిచాడు. రెండుసార్లూ బాగానే ఉంది. బండి తోలి కూడా చూశాడు. సూటిగానే పోయింది. రోడ్డు నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా ఉంటుంది కాబట్టి ఆ మాత్రం గుంజుడు ఏ బండికైనా ఉంటుందని పంపించేశాడు.

అది జరిగిన మూడో శుక్రవారం ఆ బండి కూకట్‌పల్లి దాటాక రోడ్డు పక్క మోరీ గోడకు గుద్దుకుంది. పెద్ద వేగం లేదు. కానీ వకీలు సాబ్ తల్లికి మణికట్టు విరిగింది. బండిని మా షెడ్డుకే తోసుకొచ్చారు. మడ్‌గార్డు వంగింది తప్ప చక్రాలకు దెబ్బ తగలలేదు.

వకీలు సాబ్ కోపిష్టి కాదు. కచేరీలో వాదించినట్టే నెమ్మదిగా అడిగాడు.

"మల్లేశం బండి గుంజిందంటున్నడు. మా ఇంట్ల వాళ్లు మల్లేశం కండ్లు మందగించినయంటున్నరు. నేను ఇద్దరి మాటా వినదల్చుకోలేదు. బాలయ్యా, నువ్వు కొలిచి చెప్పు. తప్పు బండిదా, మనిషిదా?"

ఉస్తాద్ జాకీలు పెట్టాడు. బండి ఎడమకు పోయింది కాబట్టి ఎడమ చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూశాడు. గట్టిగా ఉంది. కుడి చక్రాన్ని ఎవరూ ఊపలేదు. గజం కట్టె ఒక కొస ఆయన పట్టుకున్నాడు, రెండో కొస నేను. అంకె చదివేది నేనే. షెడ్డులో పనివాళ్లూ, దారినపోయేవాళ్లూ కలిసి పదిమంది దాకా చేరారు. మల్లేశం కాక నా మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు.

"కొలత సరిగనే ఉన్నది సాబ్. బండిల ఏం లేదు" అన్నాను నేను.

ఉస్తాద్ బానెట్ మీద అడ్డగీత గీశాడు. వకీలు సాబ్ మల్లేశం కాకను అక్కడే పనిలోంచి తీసేశాడు. కాక బండి తాళంచెవి బానెట్ మీద పెట్టి, తలగుడ్డ విప్పి భుజాన వేసుకుని నడుచుకుంటూ పోయాడు. పాపం అనిపించింది గానీ, నిజం నిజమే కదా అనుకుని నేను పనిలో పడ్డాను.

తడి గీతలు

రెండు నెలల తర్వాత ఒక శుక్రవారం అదే బండి రేడియేటర్‌లో నీళ్ల కోసం మా షెడ్డు ముందు ఆగింది. కొత్త డ్రైవర్, ముందు ఒకరు, వెనక వకీలు సాబ్‌తో కలిపి ముగ్గురు. నీళ్లు పోస్తుంటే సగం బండ మీదికి పారాయి. బండి ఆ నీళ్లలోంచి కదిలి పొడి బండ మీదికి పోయింది. నేను డబ్బా పట్టుకుని ఊరికే చూస్తున్నాను.

బండ మీద తడి గీతలు పడ్డాయి. ఎడమ చక్రం గీత నాలుగు వేళ్ల వెడల్పు. కుడి చక్రం గీత రెండు వేళ్లే, అదీ లోపలి అంచున.

నాకు మొదట అర్థం కాలేదు. ఒకే బండి, ఒకే తీరు టైర్లు. ఒకటి పాదమంతా ఆనించి నడుస్తుంటే, ఇంకొకటి పాదం అంచు మీద ఎందుకు నడుస్తోంది? డబ్బా అక్కడే పడేసి ఉరికాను. బండికి అడ్డం నిలబడి ఆపాను. కుడి టైరు లోపలి వైపు చెయ్యి పెట్టి తడిమితే అద్దంలాగా నున్నగా అరిగి ఉంది. బయటి వైపు టైరు అచ్చు పువ్వులు ఇంకా కొత్తగానే ఉన్నాయి.

"ఎవ్వరు దిగకండ్రి సాబ్, ఒక్క నిమిషం" అన్నాను.

పక్కనే గోడ కడుతున్న తాపీ మేస్త్రీ దగ్గర గుండు దారం అడిగి తెచ్చాను. గోడ నిలువుగా ఉందో లేదో చూసే దారం. దాన్ని బండి పైనుంచి వేలాడదీసి కుడి చక్రం పక్కన పట్టుకుంటే, కింద టైరుకు తగులుతోంది, పైన బొటనవేలు పట్టేంత సందు ఉంది. అంటే చక్రం పైభాగం బండి లోపలికి వాలి ఉంది. అందరినీ దిగమన్నాను. సందు సగమైంది. మళ్లీ ఎక్కమన్నాను. సందు పెరిగింది. వకీలు సాబ్ మళ్లీ ఎక్కేటప్పుడు నన్ను ఒకమాదిరిగా చూశాడు.

చిన్నప్పుడు సైకిల్ రిమ్ము దొర్లించి ఆడుకున్నవాళ్లకు తెలుసు. రిమ్ము ఎటు వాలితే అటే పోతుంది. కుడి చక్రం ఎడమకు వాలింది, బండిని ఎడమకు తోసింది. ఎడమకు గుంజుతుంటే మేమంతా ఎడమ చక్రాన్నే అనుమానించాం. మనుషులెక్కి బరువు పడితేనే వాలుతుంది, కాబట్టి ఖాళీగా తోలిన ఉస్తాద్‌కు అంతగా తెలియలేదు. జాకీ మీద చక్రం వేలాడుతుంది, బరువే ఉండదు, కాబట్టి మా గజం కట్టెకు అసలే తెలియలేదు. ఇదంతా నాకు ఆ దారం పట్టుకుని ఉండగానే ఒకదాని వెనక ఒకటి తట్టింది. ఒక్క క్షణం నాకు పట్టరాని సంతోషం కలిగింది. మల్లేశం కాక గుర్తొచ్చింది ఆ తర్వాతే.

పాత తుప్పు

ఉస్తాద్ వచ్చాడు. దారం చూశాడు, నన్ను చూశాడు. జాకీ పెట్టి కుడి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. టకటకమంది. కింగ్‌పిన్ బయటికి కొట్టి తీశాం. దాని చుట్టూ ఉండే ఇత్తడి బుష్ ఒక పక్క కాగితంలా అరిగిపోయింది. మేకు మీద ఎర్రటి తుప్పు పొరలు పొరలుగా కట్టి ఉంది.

ఆ తుప్పు ఎవరిదో నాకు వెంటనే తెలిసింది. ఆ బండికి నెలనెలా గ్రీజు కొట్టేది నేనే. గ్రీజు పోయే సన్నటి దారి మట్టితో మూసుకుపోయింది. నేను కొట్టిన గ్రీజంతా లోపలికి పోకుండా పక్కల నుంచి బయటికొచ్చింది. బయటికొచ్చిన గ్రీజును చూసి, కడుపు నిండింది కాబట్టే పొంగిందనుకుని గుడ్డతో తుడిచేశాను. ఏడాదికి తక్కువ కాకుండా అది ఎండిపోయి తిరిగింది.

వకీలు సాబ్ అడిగాడు. "ఏం తేలింది బాలయ్యా?"

"కింగ్‌పిన్ అరిగింది సాబ్. ఈ రెండు నెలలల్ల అరిగింది. కొత్త డ్రైవర్ గుంతలు చూడకుండ తోలిండు" అన్నాడు ఉస్తాద్.

వకీలు సాబ్ తలూపాడు. అంటే అంతకు ముందు కొలిచిన కొలత కొలతగానే ఉంది. మల్లేశం కాక కళ్లు మందగించినవిగానే ఉన్నాయి. బుష్ నా చేతిలో ఉంది. నేను ఏమీ అనలేదు. ఉస్తాద్‌ను పదిమందిలో కాదనడం ఎట్లా అని ఆ పూట నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి గ్రీజు కొట్టింది నేను కావడం. పనిలో తప్పులు ఎన్నో చేశాను, వాటన్నిటిలో నేను ఇప్పటికీ సిగ్గుపడేది ఆ తప్పు గురించి కాదు, ఆ పూట నోరు మూసుకోవడం గురించి.

రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు కిరాయి సైకిలు తీసుకుని, బండికి కొత్తవి వేశాక మిగిలిన పాత బుష్‌నూ మేకునూ గుడ్డలో మూటకట్టుకుని రాయదుర్గం పోయాను. దారంతా గుండ్లు, ముళ్ల పొదలు. సైకిలు నన్ను మోసిన దూరం తక్కువ, నేను దాన్ని మోసిన దూరం ఎక్కువ.

మల్లేశం కాక గుట్ట దగ్గర రాళ్లు కొట్టే పనిలో ఉన్నాడు. సుత్తె ఎత్తేవాడు కాదు, కొట్టిన కంకరను తట్టలకెత్తేవాడు. నేను మూట విప్పి చూపించి అంతా చెప్పాను, గ్రీజు సంగతితో సహా. ఆయన మేకును చేతిలోకి తీసుకుని తుప్పును గోటితో గీకి చూశాడు.

"తప్పైంది కాకా. వకీలు సాబ్ ఇంటికి పోయి నేను చెప్పొస్త" అన్నాను.

"ఇంటికి పోయి చెవుల చెప్తవా?" అన్నాడు కాక. "నా కండ్లు పోయినయని నువ్వు చెవుల చెప్పినవా? పదిమందిల చెప్పినవు. చెప్తే గా షెడ్డుల, గా పదిమందిలనే చెప్పు. లేకుంటే వద్దు తమ్మీ, నాకు గీ తట్ట మంచిగనే ఉంది."

మళ్లీ శుక్రవారం

ఆ శుక్రవారం వకీలు సాబ్ బండి మా షెడ్డు ముందుకు రాగానే నేను రోడ్డు మీదికి పోయి ఆపాను. నేను రమ్మన్న మల్లేశం కాక వెనకే వచ్చి నిలబడ్డాడు. ఉస్తాద్ లోపల ఉన్నాడు. పనివాళ్లు చేతిలో పనులు ఆపి చూస్తున్నారు.

నేను మూట విప్పి మేకును పైకెత్తి చూపించాను. "సాబ్, ఇది రెండు నెలల తుప్పు కాదు. ఏడాది తుప్పు. గ్రీజు కొట్టేది నేను. లోపలికి పోతున్నదో లేదో చూడలేదు. ఆనాడు కొలత చదివింది గూడ నేనే. గాలిల కొలిచినం, నేల మీద కొలవలేదు. తప్పు బండిది సాబ్, మనిషిది కాదు. బండిది గూడ కాదు, మాది."

నేను ఉస్తాద్ వైపు చూడలేదు. ఆయనే వచ్చి నా చేతిలోంచి మేకు తీసుకున్నాడు. ఎండలోకి పట్టి తిప్పి తిప్పి చూశాడు. దాన్ని ఆయన అంతకు ముందే చూశాడు, నాకంటే బాగా చూశాడు.

"పాతదే సాబ్" అన్నాడు. "వాడు చెప్పింది నిజం."

అంత మాత్రమే చెప్పి లోపలికి పోయాడు. ఆ తర్వాత ఎనిమిది రోజులు నాతో మాట్లాడలేదు. తొమ్మిదో రోజు రాళ్లు కొట్టేవాళ్లను పిలిపించి షెడ్డులో పరుపుబండను ఉలితో చదును చేయించాడు. నీళ్లు పోసి, ఎటూ పారకుండా నిలబడేదాకా వాళ్లను వదల్లేదు. అప్పటి నుంచి మా షెడ్డులో ఏ బండినైనా నేల మీదికి దింపి, మనుషుల్ని ఎక్కించి కొలిచేవాళ్లం. మనుషులు దొరక్కపోతే ఇసుక బస్తాలు. మీ మిషన్ మీద కారును ఎక్కించే ముందు మీరు కూడా స్ట్రట్‌ను చేత్తో తడిమి, బానెట్ మూలను నొక్కి వదిలి, టైరు రెండంచులూ చూసి, డ్రైవర్ చెప్పేది చివరిదాకా విని అప్పుడు మిషన్‌ను అడగండి. ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర విద్య ఏమీ లేదు.

ఆ రోజు వకీలు సాబ్ బండి దిగి మల్లేశం కాక ముందుకు వచ్చాడు. "మల్లేశం, నాదీ తప్పే. పదిహేనేండ్ల మనిషిని అడగక కట్టెను అడిగిన. రా, బండెక్కు" అన్నాడు. వెనక సీట్లోంచి ఆయన తల్లి కట్టు కట్టిన చెయ్యి కిటికీలోంచి బయటపెట్టి, "రా మల్లేశం, పొద్దు పోతంది" అంది, నిన్న కూడా ఆయనే తోలినట్టు.

కొత్త డ్రైవర్ పక్క సీట్లోకి జరిగాడు. కాక తలుపు తీసి ఎక్కి స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. స్టార్ట్ చేయలేదు. ఏమైందోనని నేను కిటికీ దగ్గరికి పోయాను. కళ్ల నిండా నీళ్లున్నాయి. తుడుచుకోలేదు.

"ఏంది కాకా, సంతోషమేనా ఇగ?" అన్నాను.

ఆయన రోడ్డు వైపే చూస్తూ నాకు మాత్రమే వినపడేట్టు చెప్పాడు.

"ఆనాడు ఈన్నుంచి పోంగనే దవాఖానకు పోయిన తమ్మీ. డాక్టర్ చూసి నా కండ్లు మంచిగున్నయన్నడు. మా ఇంటిది గూడ అన్నది. నేనే నమ్మలె. గీ రెండు నెలలు సుత్తె పట్టలె, మనుమరాలి చెయ్యి పట్టుకొని రోడ్డు దాటలె. డాక్టర్ మాట తీసేసి నీ మాట నమ్మిన."